డబ్బు పెట్టకుండా ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్ ఆడడం ఎలా?

అనంతపురంలో కలిసి చదువుకున్న వాళ్లలో చాలామంది ఉద్యోగాలకు బెంగళూరు చేరిపోతారు. సంక్రాంతికో, ఉగాదికో తప్ప అందరూ ఒకచోట కూర్చుని పేకాడే వీలుండదు. అలాంటి బ్యాచ్‌కు ఆదివారం సాయంత్రం ఫోన్లో పోకర్ టోర్నమెంట్ చాలా మంచి కాలక్షేపం. షరతు ఒక్కటే, రూపాయి కూడా పెట్టకూడదు.

ఇది చట్టం మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే తెచ్చింది. అది నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా చూడదు. కాబట్టి మొదట ఉచిత చిప్స్‌తో (ఆటలో డబ్బుకు బదులు వాడే బిళ్లలు) ప్రైవేట్ టేబుల్ పెట్టుకోనిచ్చే యాప్ వెతకండి. గెలిచిన చిప్స్‌కు డబ్బిస్తామన్నా, యూపీఐ అడిగినా, యాప్‌ను నేరుగా ఎక్కించుకోమని ఏపీకే ఫైల్ పంపినా అక్కడితో ఆపేయండి. ఎవరైనా ఇప్పటికే మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

తర్వాత ఆట నేర్చుకోవాలి. ఎక్కువగా ఆడేది టెక్సస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో మొదట మూడు, తర్వాత ఒకటి, చివరగా ఇంకొకటి తెరుస్తారు. ఈ ఏడింటిలో మంచి ఐదు ముక్కలే మీ చేయి.

ఒకే గుర్తు ముక్కలు పడితే కలర్, వరుస అంకెలు పడితే సీక్వెన్స్ అంటారు. మూడు ముక్కలాట అలవాటున్న వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అందులో కలర్‌ కంటే సీక్వెన్స్ పెద్దది, పోకర్లో సీక్వెన్స్ కంటే కలర్ పెద్దది. కారణం లెక్కలో ఉంది. మూడు ముక్కల్లో సీక్వెన్స్ 720 రకాలుగా, కలర్ 1,096 రకాలుగా పడుతుంది. ఐదు ముక్కల్లో సీక్వెన్స్ 10,200 రకాలు, కలర్ 5,108 మాత్రమే. అరుదుగా పడేదే పెద్దది. అందుకే ట్రయిల్ (ఒకే అంకె మూడు ముక్కలు) కూడా పోకర్లో సీక్వెన్స్ కిందికి దిగిపోతుంది. కింది నుంచి వరుస ఇది: జత, రెండు జతలు, ట్రయిల్, సీక్వెన్స్, కలర్, ట్రయిల్‌తో పాటు జత ఉండే ఫుల్ హౌస్, ఒకే అంకె నాలుగు ముక్కలు, ఒకే గుర్తులో వరుసగా పడే ప్యూర్ సీక్వెన్స్. మొదటి వారం ఇది కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.

ఇక టేబుల్ సెట్టింగులు. ఎనిమిది మందికి తలా 5,000 చిప్స్ ఇవ్వండి. చేయి చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలే బ్లైండ్లు. చిన్న బ్లైండ్ 25, పెద్ద బ్లైండ్ 50తో మొదలుపెట్టి పది నిమిషాలకోసారి పెంచుతూ పోతే రెండు గంటల్లో ఆట తేలిపోతుంది. చిప్స్ అయిపోయిన వాళ్లకు మళ్లీ ఇవ్వవద్దు. నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైన నియమం ఇదే. మళ్లీ దొరుకుతాయని తెలిస్తే ప్రతి చేతికీ ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టేయడం) అనేవాళ్లే ఉంటారు. పోతే ఆట నుంచి పోయినట్టే అన్నప్పుడు, డబ్బు లేకపోయినా ప్రతి చిప్పుకూ విలువ వస్తుంది, టెన్షన్ కూడా వస్తుంది.

మొదటి అరగంట ఓపిక పట్టండి. చేతికిచ్చే రెండు ముక్కల్లో ఏదో ఒక జత పడడమే 17 చేతులకు ఒకసారి, రెండు ఆసులు 221కి ఒకసారి. ఎక్కువ చేతులు పడేయక తప్పదు. అందరి తర్వాత ఆడే వంతు వచ్చినప్పుడు మాత్రం కాస్త ధైర్యం చేయవచ్చు, అవతలివాళ్లు ఏం చేశారో అప్పటికే తెలుస్తుంది కదా.

మీ చిప్స్‌ను ఎప్పుడూ పెద్ద బ్లైండ్‌తో భాగించి చూసుకోండి. మొదట్లో 5,000 అంటే వంద బ్లైండ్లు. పెద్ద బ్లైండ్ 600 అయ్యేసరికి అదే 5,000 ఎనిమిది బ్లైండ్లే. పది కంటే తగ్గితే చిన్న చిన్న పందేలు మానేయాలి, మంచి చేయి వస్తే ఆల్ ఇన్, లేదంటే పడేయడం.

ఒకే గుర్తువి నాలుగు ముక్కలై, ఐదోది కావాలనుకోండి. కనబడని వాటిలో ఆ గుర్తువి తొమ్మిది ఉంటాయి. తెరవాల్సినది ఒక్క ముక్కే అయితే తొమ్మిదిని రెండుతో, రెండు ముక్కలైతే నాలుగుతో గుణిస్తే అవకాశం సుమారుగా శాతంలో వస్తుంది. ఒక్క ముక్కే మిగిలి, మధ్యలో 600 చిప్స్ ఉన్నప్పుడు 100 వేయమంటే వేయండి, మొత్తం 700లో మీరు వేసేది 14 శాతమే, అవకాశం 18 శాతం. 400 ఉండి 200 అడిగితే పడేయండి, అది 600లో మూడో వంతు.

కాల్‌లో మాట్లాడుకుంటూ ఆడేటప్పుడు పడేసిన ముక్కల గురించి ఆ చేయి అయ్యేదాకా నోరు విప్పకూడదు. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది, మొబైల్ డేటా సిద్ధంగా ఉంచుకోండి. సమయం దాటితే యాప్ మీ చేతిని పడేస్తుంది.

చివరికి ఇద్దరే మిగిలితే పద్ధతి మారుతుంది. డీలర్ బటన్ (ముక్కలు పంచే వంతును చూపే గుర్తు) ఉన్నవారే చిన్న బ్లైండ్ వేసి మొదట ఆడాలి, మధ్య ముక్కలు తెరిచాక చివర ఆడతారు. అప్పుడు ఒక్క ఆసున్నా, చిన్న జత ఉన్నా అది బలమైన చేయే, వెనక్కి తగ్గకండి.