పీ0401 కోడ్ వస్తే ఈజీఆర్ వాల్వ్ మీరే క్లీన్ చేసుకోవడం ఎలా?

చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, స్కానర్ పెడితే పీ0401 అని వచ్చింది, వెంటనే ఎవడో ఒకడు "వాల్వ్ పోయింది, కొత్తది వేసీయాలి" అంటాడు. ఆగండి. ఈజీఆర్ అంటే సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంచెం వెనక్కి తిప్పి ఇంజిన్‌లోకే పంపే ఏర్పాటు, దాంతో లోపల వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువొస్తాయి. పీ0401 చెప్పేది ఆ పొగ రావాల్సినంత రావట్లేదని, అంతే గానీ వాల్వ్ చచ్చిపోయిందని కాదు. పీ0402 అయితే ఎక్కువొచ్చేస్తోందని. పీ0403 అయితే కరెంటు గొడవ, వైర్లూ కనెక్టరూ చూసుకోవాలి, దానికి ఎంత కడిగినా ఒరిగేదేం లేదు.

శ్రీకాకుళంలో డీజిల్ కారు కొని ఇంటి నుంచి డే అండ్ నైట్ జంక్షన్ దాకా ఎల్లి రావడమే తప్ప ఇంకెక్కడికీ తియ్యరు, ఇంజిన్ సరిగ్గా వేడెక్కక ముందే ఆపేస్తారు, మరి మసి పట్టక ఏటవుద్ది?

కావాల్సినవి: బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని కోడ్లు ఫోన్‌లో చూపించేది), సాకెట్ సెట్, కార్బ్ క్లీనర్ (మసి కరిగించే స్ప్రే) డబ్బా, పాత టూత్ బ్రష్, గుడ్డలు, గ్లవ్స్, కొత్త గ్యాస్కెట్ (వాల్వ్‌కీ ఇంజిన్‌కీ మధ్య లీక్ కాకుండా పెట్టే పలచటి బిళ్ళ). పాత గ్యాస్కెట్టే మళ్ళీ వేసీవాళ్ళతో నేను మాట్లాడను.

ముందు చెకింగ్. ఇంజిన్ ఆన్‌లో పెట్టి స్కానర్‌లో లైవ్ డేటా, అంటే సెన్సార్లు అప్పటికప్పుడు చూపించే రీడింగులు తియ్యండి. డీజిల్ బళ్ళల్లో వాల్వ్ తెరుచుకుంటే పొగ లోపలికొచ్చి ఆ మేరకు బయటి గాలి తగ్గాలి, అంటే ఎయిర్ ఫ్లో సెన్సార్ రీడింగ్ కిందికి దిగాలి. ఓపెన్ అని ఆర్డర్ వెళ్తున్నా రీడింగ్ కదలట్లేదంటే వాల్వ్ ఇరుక్కుంది లేకపోతే దారి పూడుకుపోయింది. వాక్యూమ్‌తో నడిచే పాత రకమైతే రబ్బరు గొట్టం పగిలిందేమో చూడండి, అదొక్కటే మారిస్తే పని బేగి అయిపోద్ది.

ఇప్పుడు విప్పడం. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, ఆ పైపు ముట్టుకుంటే చెయ్యి కాలిపోద్ది. బ్యాటరీ నెగెటివ్ తీసి, కనెక్టర్ లాక్ నొక్కి మెల్లిగా లాగండి. బోల్టులకి ముందు రోజు రాత్రే డబ్ల్యూడీ 40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి ఉంచండి, సముద్రం గాలికి మన వైపు బళ్ళల్లో బోల్టులు తుప్పు పట్టి కూర్చుంటాయి. కదలకపోతే కొంచెం బిగించి కొంచెం వదిలి అలగ ముందుకీ వెనక్కీ తిప్పాలి, బలం చూపిస్తే బోల్టు తల ఊడి మీ చేతిలోకొస్తది.

అసలు కథ ఇక్కడే. బయటికొచ్చిన వాల్వ్ చూస్తే పెనం అడుగు మసిలా నల్లగా, వేలితో గీకితే గట్టిగా అట్టకట్టి ఉంటది. అది చూడగానే అందరికీ ఒకటే ఆలోచన, పెట్రోల్ డబ్బాలో ముంచేద్దామని. నేనూ మొదట్లో మా బావ గారి బండికి అదే చేశాను. మోటార్‌లోకి పెట్రోల్ దిగి అప్పటిదాకా మసి మాత్రమే ఉన్న వాల్వ్ నిజంగానే పోయింది, కొత్తది నా డబ్బులతోనే కొన్నాను, బావ ఇప్పటికీ పండక్కి కలిస్తే ఆ మాటే తీస్తాడు.

కాబట్టి మోటారు, కనెక్టరు ఉన్న వైపు ఎప్పుడూ పైకి, మసి ఉన్న వైపు కిందికి పట్టుకోండి. స్ప్రే కూడా కింద నుంచి కొట్టాలి, కారింది కిందికే కారాలి. కొంచెం కొట్టి పది నిమిషాలు ఆగి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి మళ్ళీ కొట్టండి. మొదట డికాషన్‌లా నల్లగా కారుద్ది, కారేది తేటపడే దాకా ఇదే పని. స్క్రూడ్రైవర్ పెట్టి గీకకండి, వాల్వ్ కూర్చునే అంచు మీద గీత పడితే ఇక మూసుకున్నా పొగ కారుతూనే ఉంటది. మోటార్ రకం వాల్వ్ కడ్డీని వేళ్ళతో బలవంతంగా లాగొద్దు, లోపలి ప్లాస్టిక్ పళ్ళు విరుగుతాయి. అయిపోయాక ఫోన్ టార్చ్ ఒక వైపు వేసి రెండో వైపు నుంచి చూడండి, వెలుగు కనిపిస్తే ఇంకా సరిగ్గా కూర్చోలేదు.

బండి మీద ఉన్న పైపునీ గీకండి గానీ మసి ఇంజిన్‌లోకి రాలకుండా గుడ్డ కుక్కండి, ఆ గుడ్డ తియ్యడం మర్చిపోకండి. ఇంజిన్ నడుస్తుండగా గాలి దారిలోకి క్లీనర్ కొట్టడం డీజిల్‌లో అసలు చెయ్యొద్దు, అది ఇంధనంలా మండి ఇంజిన్ తాళం తీసినా ఆగకుండా రేసైపోవచ్చు.

కొందరు ఇదంతా ఎందుకని రేకు ముక్క పెట్టి దారి మూసేయిస్తారు. అరే, కంప్యూటర్ అడిగేదే పొగ రావట్లేదేటి అని, పూర్తిగా మూసేస్తే అదే కోడ్ రాక ఇంకేటొస్తది? పైగా పొల్యూషన్.

వాల్వ్ పూర్తిగా ఆరాక కొత్త గ్యాస్కెట్‌తో బిగించి, కోడ్ చెరిపేసి, హైవే ఎక్కి ఎచ్చెర్ల మీదుగా రణస్థలం దాకా ఎల్లి రండి. కొన్ని బళ్ళకి స్కానర్‌తో వాల్వ్ లెర్నింగ్, అంటే వాల్వ్ ఎక్కడ మూసుకుంటదో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించడం కూడా చేయించాలి. ఈ కోడ్ చాలా బళ్ళల్లో రెండో ట్రిప్‌కి గానీ లైట్ వెయ్యదు, అందుకని ఆ రోజే పార్టీ చేసుకోకుండా మర్నాడు స్కానర్‌లో పెండింగ్ కోడ్లు (ఇంకా లైట్ వెయ్యనివి) చూడండి. మళ్ళీ పీ0401 ఉందంటే ఈజీఆర్ కూలరో (ఆ పొగని చల్లార్చేది), ఇంటేక్ మానిఫోల్డో (ఇంజిన్‌లోకి గాలి పంచే గొట్టాలు) మూసుకుపోయి ఉంటది, అది విప్పడం ఇంటి దగ్గర అయ్యే పని కాదు.