పెద్దవాళ్ల కబుర్లు రికార్డు చేసి దాచుకోవడం

చెన్నై ఇళ్లలో రికార్డింగుకి మొదటి అడ్డంకి సీలింగ్ ఫ్యాను. మన చెవి ఆ హోరును పట్టించుకోదు గానీ మైకు వదలదు. అందుకే పొద్దున్నే, ఎండ ముదరకముందు, ఫ్యాను ఆపి కూర్చోండి. ఖాళీ హాల్లో గొంతు మోగుతుంది. పరుపులు, దుప్పట్లు ఉన్న పడగ్గది మేలు.

ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోవచ్చు. కాలర్ మైకైతే గడ్డానికి జానెడు కింద తగిలించండి. కొంగో గొలుసో రాసుకుంటే గరగరలాడుతుంది, కాబట్టి ముందు ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. వేవ్ (WAV) ఫైలు, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచేది, మోనోలో (ఒకే ఛానెల్‌లో) గంటకు సుమారు 300 ఎంబీ అవుతుంది.

అసలు పని ప్రశ్నల్లో ఉంది. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే "ఏముందమ్మా చెప్పడానికి" అనేస్తారు. "తాతయ్యా, 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసులో ఉండిపోదామని ఇంట్లో ఎవరన్నారు?", "అమ్మమ్మా, మాంబళంలో మొదటి ఇంటి అద్దెంత? నీళ్లెక్కణ్ణుంచి మోసేవారు?" అని అడిగి చూడండి. జవాబు ఆగగానే అందుకోకండి, మనసులో ఐదు లెక్కపెట్టండి. మంచి సంగతులు చాలావరకు ఆ విరామం తర్వాతే వస్తాయి. తేదీ తప్పు చెప్పినా సరిదిద్దకండి, కాగితం మీద రాసుకోండి. ముప్పావుగంట దాటితే గొంతు అలిసిపోతుంది.

ఫైలు పేరులో తేదీ, ఊరు, మనిషి పేరు ఉండాలి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ఒక కాపీ వేరే ఊళ్లోని బంధువుల దగ్గర ఉంచండి. ఆస్తి తగాదాల మాటలుంటే, ఎవరికి వినిపించవచ్చో చెప్పినవాళ్లనే అడిగి, వద్దన్న భాగం కత్తిరించాకే పంచండి.