గిన్నె అడుగు మసి పడుతోందా? ముందు బర్నర్ చూడండి

అనంతపురంలో మా ఇంట్లో సంగటికి ఎసరు పెడితే ఒక్కోసారి పొంగుతుంది. ఆ గంజి బర్నర్ మీద పడి అట్టకడుతుంది. రెండు రోజులకు మంట పసుపు రంగుకు తిరిగి, గిన్నె నల్లబడుతుంది. ఇంట్లో వచ్చే మొదటి మాట "ఈసారి గ్యాస్ మంచిది రాలేదు" అని. చాలాసార్లు లోటు గ్యాస్‌లో కాదు, గాలిలో.

కారణం: సిలిండర్‌లో ఉండేది ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. రెండూ ఆల్కేన్లే, అంటే కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పదార్థాలు. ఒక లీటరు బ్యూటేన్ ఆవిరి పూర్తిగా మండాలంటే ఆరున్నర లీటర్ల ఆక్సిజన్, అంటే దాదాపు 31 లీటర్ల గాలి కావాలి. అంత అందకపోతే కొంత కార్బన్ మండకుండా మిగులుతుంది. ఆ కణాలు వేడికి మెరవడమే పసుపు రంగు, గిన్నెకు అంటుకుంటే మసి. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. అందుకే వంటింటి కిటికీ మూయకండి.

పరిష్కారం: రెగ్యులేటర్ కట్టేసి, స్టవ్ చల్లారాక బర్నర్ తీసి వేడినీళ్లలో నానబెట్టండి. పిన్నీసుతో ఒక్కో రంధ్రం పొడిస్తే నానిన గంజి మెత్తబడి ఊడొస్తుంది. బాగా ఆరాకే బిగించండి. స్టవ్ కింద గాలి లోపలికి వెళ్లే సందులో సాలెగూడు ఉందేమో చూడండి. గ్యాస్ వచ్చే సన్నటి జెట్‌ను మాత్రం పిన్నీసుతో పొడవద్దు. రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువై మళ్లీ మసే. ఆ పని మెకానిక్‌కు వదలండి.

ఉప్పునీళ్లు పొంగినా మంట కాసేపు నారింజ రంగుకు మారుతుంది. అది సోడియం రంగు, మసి పట్టదు, కంగారు వద్దు.

మంట బర్నర్‌ను వదిలి పైకి లేస్తోందా? గాలిగానీ గ్యాస్ ఒత్తిడిగానీ ఎక్కువైంది, మెకానిక్‌ను పిలవండి.

టీ కొట్టు సిలిండర్‌కు మంచు పట్టి మంట తగ్గుతోందా? ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. గబగబా వాడితే ఆ వేడి సిలిండర్ నుంచే పోయి చల్లబడుతుంది. దాన్ని పడుకోబెట్టకండి, ద్రవమే ట్యూబులోకి వస్తుంది. డీలర్‌ను అడిగి రెండు సిలిండర్లు కలిపి పెట్టించుకోండి.

వాసన వస్తే స్విచ్ ముట్టొద్దు. ఈ గ్యాస్ గాలికంటే బరువు, నేలమీదే పరుచుకుంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.