వైరస్ ఏ దారిన వస్తోందో గుర్తించి, ఆ దారిని తెంచడం ఎలా

జీవకణానికి బయట వైరస్ తినదు, పెరగదు, ఎవరో ఒకరు మోసుకుపోతే తప్ప అంగుళమైనా కదలదు. జంతువుల నుంచి మనుషులకు, మనుషుల నుంచి జంతువులకు సోకే జబ్బుల విషయంలో మనం తీసుకోగల జాగ్రత్తలన్నీ ఈ ఒక్క బలహీనత మీదే ఆధారపడి ఉన్నాయి. అందుచేత ఒక కొత్త జబ్బు పేరు వినగానే అది ఎంతమందిని చంపుతుందని అడగడం కన్నా మూడు విషయాలు ఆరా తీయడం మేలు: సోకిన ప్రాణి శరీరం నుంచి వైరస్ ఏ ద్వారాన బయటికి వస్తోంది, అక్కడి నుంచి దేనిని పట్టుకుని ప్రయాణిస్తోంది, తర్వాతి ప్రాణిలోకి ఏ ద్వారాన ప్రవేశిస్తోంది. మూడుచోట్లా తెంచవలసిన పని లేదు. అన్నిటికన్నా తేలికగా తెగే చోటు వెతికి అక్కడ గట్టిగా తెంచగలిగితే చాలు.

దారిని తప్పుగా గుర్తిస్తే ఎంత కష్టపడినా ఫలితం ఉండదని 1998–99లో మలేసియాలో తేలింది. పందుల పెంపకందారులు మెదడువాపుతో పడిపోతుంటే, దోమల ద్వారా వచ్చే జపనీస్ మెదడువాపు అని మొదట భావించి, దోమల మందు చల్లారు, పందులకు ఆ జబ్బు టీకాలు వేశారు. జబ్బు ఆగలేదు. దోమ కుట్టేటప్పుడు పిల్లలనీ పెద్దలనీ చూడదు. ఇక్కడ జబ్బుపడినవారిలో ఎక్కువమంది పందులను చేతులతో పట్టుకుని పనిచేసే పెద్దవారు. ఆ పందులు కూడా దగ్గుతూ కనిపించేవి. చివరికి 1999 మార్చిలో అది అంతకుముందు తెలియని వైరస్ అని బయటపడింది. సుంగై నిపా అనే ఊరి పేరు మీద దానికి నిపా అని పేరు పెట్టారు. మొత్తం 265 మంది జబ్బుపడగా 105 మంది చనిపోయారు. పది లక్షలకు పైగా పందులను చంపవలసి వచ్చింది. ఎవరు జబ్బుపడుతున్నారు, వారు ఏ పని చేస్తారు, ఎవరు పడటం లేదు అని గమనించడం సూక్ష్మదర్శిని అక్కరలేని పరీక్ష. అనుమానం కలిగిన మొదటి రోజు నుంచే దాన్ని ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

వైరస్ అసలు నివాసం ఏది?

ఆ తర్వాత తెలుసుకోవలసింది ఆశ్రయ జీవి, అంటే వైరస్ సహజంగా నివసించే ప్రాణి, ఏదన్నది. నిపాకు పండ్లు తినే పెద్ద గబ్బిలాలు, ఇన్‌ఫ్లుయెంజా ఎ (ఫ్లూ) రకాలలో అత్యధికానికి నీటిపక్షులు, 2012లో బయటపడిన శ్వాసకోశ జబ్బు మెర్స్‌కు ఒంటెలు ఆశ్రయాలు. ఆశ్రయ జీవి సాధారణంగా పెద్దగా జబ్బుపడదు. కనుక “చూడటానికి ఆరోగ్యంగానే ఉంది కదా” అనే మాటకు ఇక్కడ విలువ లేదు. క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం వైరస్‌ను ఆవులు, గొర్రెలు, మేకలు ఏ లక్షణమూ చూపకుండానే కొన్నాళ్లు రక్తంలో మోస్తాయి. వాటిని కోసేవారికి, వాటి మీద నుంచి పిడుదులను తీసి వేళ్లతో నలిపేవారికి ఆ రక్తం ద్వారానే జబ్బు వస్తుంది. పిడుదును పట్టకారతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి తప్ప నలపకూడదు.

జంతువుకు వచ్చిన ప్రతి జబ్బూ మనిషికి వస్తుందని భయపడటమూ సరికాదు. ఒక ప్రాణి కణం మీద తనకు సరిపడే గ్రాహకం (వైరస్ అతుక్కునే చోటు) దొరికితేనే వైరస్ లోపలికి వెళ్లగలదు, వెళ్లిన తర్వాత కూడా అక్కడి యంత్రాంగం దానికి లొంగాలి. పశువుల చర్మం మీద గడ్డలు లేచే లంపీ స్కిన్ జబ్బు మనుషులకు సోకదు. గాలికుంటు మనిషిలో జబ్బు కలిగించడం అత్యంత అరుదు. అయితే గాలికుంటు విషయంలో మనిషి రోగి కాకపోయినా వాహనం అవుతాడు. చెప్పులకు అంటిన పేడ, బట్టల మీద పడిన చొంగ, బండి చక్రాలకు అంటుకున్న బురద ఒక కొట్టంలోని వైరస్‌ను మరో కొట్టానికి చేరుస్తాయి. నాకేమీ కాలేదు కనుక నావల్ల ఏమీ కాదనుకునే ఈ పొరపాటు చాలా సామాన్యమైనది. కొట్టానికి ప్రత్యేకంగా ఒక జత చెప్పులు ఉంచుకోవడం, ఆరోగ్యంగా ఉన్న పశువుల పని ముగించుకున్న తర్వాతే జబ్బు పశువుల దగ్గరికి వెళ్లడం, కొత్తగా తెచ్చిన పశువును మూడు నాలుగు వారాలు విడిగా కట్టేయడం దీనికి మార్గాలు.

ఒకే వైరస్, మూడు దారులు

నిపా దగ్గరికే మళ్లీ వస్తే, ఆశ్రయం ఒకటే అయినా దారులు వేరుగా ఉండవచ్చని స్పష్టమవుతుంది. మలేసియాలో పందుల కొట్టాల పక్కనే పండ్లచెట్లు ఉండేవి. గబ్బిలాలు కొరికి వదిలేసిన పండ్లు కింద పడితే పందులు తినేవి, వాటి నుంచి మనుషులకు సోకేది. బంగ్లాదేశ్‌లో మధ్యలో పంది లేదు. అక్కడ రాత్రంతా ఈతచెట్టుకు కట్టి ఉంచిన కుండలోని నీరాను గబ్బిలాలు నాకుతాయి, అందులో మూత్రం పోస్తాయి, తెల్లవారి దాన్ని పచ్చిగా తాగినవారికి జబ్బు వస్తుంది. మూడవ దారిలో జంతువే లేదు: రోగికి సేవ చేసేవారికి, పక్క మంచంలో ఉన్నవారికి లాలాజలం, తుంపరల ద్వారా సోకుతుంది. 2018లో కేరళలో 17 మంది చనిపోయినప్పుడు మొదటి రోగి తర్వాత జబ్బు ఎక్కువగా ఆసుపత్రులలోనే వ్యాపించింది.

దారులు మూడు కనుక తెంపులూ మూడు. కొట్టం మీదికి కొమ్మలు వంగే పండ్లచెట్టు ఉండకూడదు. నీరా కుండ చుట్టూ వెదురు తడిక కడితే గబ్బిలం చేరలేదు, లేదా నీరాను మరిగించాలి. రోగి గదిలో మాస్కు, చేతి తొడుగులు, కళ్లకు రక్షణ ఉండాలి, సేవ చేసేవారు ఎంత తక్కువమంది అయితే అంత మంచిది. గబ్బిలాలను చంపడం, అవి వాలే చెట్లను కొట్టేయడం ఈ జాబితాలో లేదని గమనించాలి. గూడు చెదిరిన గబ్బిలాలు కొత్తచోట్లకు చెదిరిపోతాయి, ఒత్తిడికి లోనైనప్పుడు మరింత వైరస్ విసర్జించే అవకాశమూ ఉంది. కోపం తీరుతుందేమో కానీ దారి మూసుకుపోదు.

కాటు దారి: రేబిస్

అరుదైన జబ్బులకు ఎంతో భయపడే మనం రేబిస్‌ను తేలికగా తీసుకోవడం విచిత్రం. లక్షణాలు మొదలైన తర్వాత దాదాపు ఎవరూ బతకరు. మనుషులలో నూటికి 99 కేసులు కుక్కల వల్లే వస్తాయి. కుక్క చొంగలోని వైరస్ కాటు ద్వారా కండరంలోకి, అక్కడి నుంచి నరాల వెంబడి మెదడుకు, మెదడు నుంచి తిరిగి లాలాజల గ్రంథులకు వెళుతుంది. ఈ ప్రయాణం నిదానంగా సాగుతుంది. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి వారంలోనే ముగియవచ్చు, ఏడాది పట్టవచ్చు. ఆ వ్యవధే మన అదృష్టం, ఎందుకంటే వైరస్ నరంలోకి ఎక్కకముందే దాన్ని అడ్డుకోవచ్చు.

కాటు పడగానే చేయవలసిన మొదటి పని గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాల పాటు కడగడం. గడియారం చూసి కడగాలి, ఎందుకంటే రెండు నిమిషాలకే పదిహేను గడిచాయనిపిస్తుంది. గాయం మీద ఏ పొడీ, పసరూ, నూనే పూయకూడదు. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. రక్తం కారిన గాయమైతే గాయంలోకే ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా తయారైన ప్రతిరక్షకాలు) కూడా అవసరం. మిగిలిన మోతాదులు డాక్టరు రాసిన తేదీలకే వేయించుకోవాలి. కరిచిన కుక్క లక్షణాలు కనిపించడానికి కొన్ని రోజుల ముందు నుంచే చొంగలో వైరస్‌ను విడుదల చేస్తుంది కనుక దాన్ని పది రోజులు గమనించే పద్ధతి ఉంది. అయితే ఆ పది రోజులూ టీకా ఆపి ఎదురుచూడమని దాని అర్థం కాదు. టీకా ముందు, గమనింపు ఆ పక్కన.

పశువులు ఉన్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి. రేబిస్ సోకిన ఆవు లేదా గేదె చొంగ కారుస్తూ, మింగలేక అవస్థపడుతూ, గొంతులో ఏదో అడ్డుపడినట్లే కనిపిస్తుంది. తీసేద్దామని నోట్లో చేయి పెట్టేవారికి కాటు లేకుండానే ప్రమాదం వస్తుంది. చొంగ కారుస్తున్న పశువు నోట్లో తొడుగు లేకుండా చేయి పెట్టరాదు.

దోమ మోసే జబ్బులు

ఇక్కడ ఒక తేడా తెలిస్తే చాలు. జపనీస్ మెదడువాపు వైరస్ కొంగల జాతి పక్షులు, పందులు, నిలవనీటి దోమల మధ్య తిరుగుతుంది. పంది రక్తంలో అది విపరీతంగా పెరుగుతుంది, మనిషి రక్తంలో మాత్రం మరో దోమకు అంటేంతగా పెరగదు. అంటే మనిషి దగ్గర దారి ముగిసిపోతుంది. రోగిని వెలివేసినట్లు చూడవలసిన అవసరం లేదు. పందుల కొట్టాలను ఇళ్లకు దూరంగా ఉంచడం, పిల్లలకు టీకా, దోమతెర ముఖ్యం. డెంగీ ఇందుకు విరుద్ధం. అక్కడ రోగి రక్తమే తర్వాతి దోమకు మూలం, ఆ దోమ పగలే కుడుతుంది. కాబట్టి జ్వరంతో ఉన్నవారిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టాలి.

గాలి, దుమ్ము, పాలు

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ జన్యువులు ఎనిమిది ముక్కలుగా ఉంటాయి. ఒకే పందిలోకి పక్షి రకం, మనిషి రకం ఒకేసారి చేరితే ముక్కలు అటూఇటూ కలిసి కొత్త రకం పుట్టవచ్చు. 2009 నాటి హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) పందులలో తిరిగే రకాల కలయిక నుంచే వచ్చింది. హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ) దారి వేరు. 1997లో హాంకాంగ్‌లో అది నేరుగా కోళ్ల నుంచి 18 మందికి సోకింది, వారిలో ఆరుగురు చనిపోయారు. 2024లో అమెరికాలో పాడి ఆవులకు సోకి పాలలో కనిపించింది. పాలను వేడిచేసి క్రిములను చంపే పాశ్చరీకరణ దాన్ని నశింపజేస్తుంది, పచ్చిపాలు మాత్రం తాగకూడదు.

కోళ్లు అకస్మాత్తుగా చనిపోతే వట్టి చేతులతో ముట్టుకోకూడదు, కోసి తినే ఆలోచన అసలే వద్దు, పశువైద్యులకు తెలియజేయాలి. శుభ్రం చేసేటప్పుడు పొడిగా ఊడవకుండా ముందు క్రిమిసంహారక ద్రావణంతో తడపాలి, లేకపోతే ఎండిన రెట్ట దుమ్మై ముక్కులోకి పోతుంది. ఎలుకల పెంటికల విషయంలోనూ ఇదే నియమం. హంటా వైరస్ మనిషికి చేరేది ప్రధానంగా ఆ దుమ్ము వల్లే. మూసి ఉన్న గదిని అరగంట తలుపులు తీసి ఉంచి, తడిపి, తర్వాతే తుడవాలి.

దారి రెండువైపులా నడుస్తుందని కూడా మరచిపోకూడదు. 2020లో డెన్మార్క్‌లో కోవిడ్ వైరస్ మనుషుల నుంచి, బొచ్చు కోసం పెంచే చిన్న జంతువులైన మింక్‌లకు సోకి, వాటిలో మార్పులు చెంది, తిరిగి మనుషులకు వచ్చింది. జలుబు, జ్వరం ఉన్నవారు ఆ రోజులలో పందుల, కోళ్ల పని ఇతరులకు అప్పగించడం మంచిది.

సబ్బు ఎక్కడ పనిచేస్తుంది?

కొన్ని వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది: ఇన్‌ఫ్లుయెంజా, కరోనా, రేబిస్, నిపా, ఎబోలా. సబ్బు, ఆల్కహాలు ఆ పొరను చింపేస్తాయి. గాలికుంటు, వాంతులు విరేచనాలు కలిగించే నోరో వంటివాటికి ఆ పొర లేదు కనుక ఆల్కహాలు ద్రవం సరిపోదు. చేతులను సబ్బుతో రుద్ది నీటితో కడిగేయాలి, గాలికుంటు వచ్చిన కొట్టానికి 4 శాతం వాషింగ్ సోడా ద్రావణం వాడాలి. ఏ మందైనా పేడ, మట్టి మీద పోస్తే వృథా. ముందు గీకి, కడిగి, ఆ తర్వాత పోసి పది నిమిషాలైనా ఆగాలి. బ్లీచింగ్‌ను ఆమ్లంతో ఎన్నడూ కలపరాదు, విషవాయువు వస్తుంది.

డాక్టరుకు ఏం చెప్పాలి?

జ్వరం వచ్చినప్పుడు చాలామంది ఎన్ని డిగ్రీలో చెబుతారు కానీ పది రోజుల క్రితం ఈసుకుపోయిన దూడను చేతులతో తీశామని చెప్పరు. డాక్టరు అడగకపోయినా ఏ జంతువును ముట్టుకున్నారు, అది బతికిందా, ఏ తేదీన, చుట్టుపక్కల ఇంకెవరికైనా జ్వరం ఉందా అన్నవి చెప్పాలి, గుర్తుండదనుకుంటే రాసుకోవాలి. తేదీలే ఎందుకంటే ప్రతి వైరస్‌కూ పొదిగే కాలం, అంటే సోకినప్పటి నుంచి లక్షణాలు కనిపించేవరకు పట్టే వ్యవధి, ఒకటి ఉంటుంది. నిపాకు అది సాధారణంగా 4 నుంచి 14 రోజులు, ఎబోలాకు 2 నుంచి 21 రోజులు. ఎబోలా రోగితో మెలిగినవారిని 21 రోజుల పాటు గమనించేది ఈ లెక్క ప్రకారమే. చివరి రోగి ద్వారా సోకే అవకాశం పూర్తిగా ముగిసిన తర్వాత కూడా అంతకు రెట్టింపు, అంటే 42 రోజులు, కొత్త కేసు లేకుండా గడిస్తేనే ఆ వ్యాప్తి ముగిసిందని ప్రకటిస్తారు.