‘ఈ పిల్లాడు మా బడిలో కుదరడండీ’ అన్నప్పుడు

మండల విద్యాశాఖ ఆఫీసులో తపాలా తీసుకునే బల్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నాను. వైకల్యం ఉన్న బిడ్డను చంకనేసుకుని తల్లులు వచ్చేవాళ్లు. "మా వాణ్ణి చేర్చుకోం అంటున్నారు సార్." "రాసిచ్చారామ్మా?" "లేదు సార్, నోటితోనే చెప్పారు." అంతటితో మాకు పని లేకుండా పోయేది. కాగితం ఉంటేనే ఫైలు పుడుతుంది, ఫైలు పుడితేనే ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి. ఈ సంగతి బడివాళ్లకు మనకన్నా బాగా తెలుసు. అందుకే కాదనే మాట ఏదైనా నోటితోనే అంటారు.

రిటైరయ్యాక నా మనవడి కోసం నేనే ఆ బల్లకు అవతలి వైపు నిలబడాల్సి వచ్చింది. రెండు వైపులా చూసిన చిక్కులు, వాటి మందులు ఇక్కడ రాస్తున్నాను. చేతిలో ఉండాల్సిన చట్టాలు రెండు: 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం-2009, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం-2016. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. కొత్త దాంట్లో 21 ఉన్నాయి. ఆటిజం, అలాగే డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) లాంటి అభ్యసన వైకల్యాలు అందులోకి వచ్చాయి.

సమస్య: "మా దగ్గర సౌకర్యాలు లేవు, వేరే బడి చూసుకోండి"

ఈ మాట వెనక రెండు కారణాలుంటాయి. ఒకటి నిజమైన భయం: టీచరుకు తర్ఫీదు లేదు, తరగతిలో యాభై మంది ఉన్నారు. రెండోది లెక్క: పదో తరగతి రిజల్టు పడిపోతుందని, మిగతా తల్లిదండ్రులు గొణుగుతారని. ఏ కారణమైనా చట్టానికి ఒకటే. సౌకర్యం లేకపోతే కల్పించాలి, చేర్చుకోవడం మానకూడదు. దివ్యాంగుల చట్టం 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులు తీసుకునే బడులకే కాదు, గుర్తింపు పొందిన ప్రతి బడికీ వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవడం, ర్యాంపు, టాయిలెట్ లాంటివి అందుబాటులో ఉంచడం, పిల్లవాడి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయడం అన్నీ అందులో ఉన్నాయి.

"మాది మైనారిటీ సంస్థ, విద్యాహక్కు చట్టం మాకు లేదు" అని కొన్ని యాజమాన్యాలు అంటాయి. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఆధారంగా ఆ మాట అంటున్నారు. అది విద్యాహక్కు చట్టం సంగతి. దివ్యాంగుల చట్టం నుంచి వాళ్లకు మినహాయింపు లేదు.

పరిష్కారం: వాదించకండి. ఇంటికొచ్చి ఒక అర్జీ రాయండి, నాలుగు వాక్యాలు చాలు.

"మా అబ్బాయికి ఏడేళ్లు, ఆటిజం ఉంది. ఫలానా తేదీన మీ పాఠశాలలో రెండో తరగతిలో ప్రవేశం కోరగా నోటిమాటగా నిరాకరించారు. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 సెక్షన్ 16 ప్రకారం ప్రవేశం కల్పించగలరు. నిరాకరించే పక్షంలో కారణాలు రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ప్రాణమంతా ఆఖరి వాక్యంలో ఉంది. ‘నీ కొడుక్కి వైకల్యం ఉంది కాబట్టి చేర్చుకోం’ అని లెటర్‌హెడ్ మీద రాసే హెడ్మాస్టరు నాకింకా తారసపడలేదు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు అంటించి పెట్టుకోండి. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇస్తే ఇన్‌వార్డ్ నంబరు (తపాలా రిజిస్టరులో పడే నంబరు) రాయించుకునే దాకా బల్ల దగ్గర నుంచి కదలకండి. "ఇచ్చి వెళ్లండమ్మా, సార్ వచ్చాక చూస్తారు" అని నేనూ అన్నవాణ్నే. నంబరు పడని కాగితం సాయంత్రానికి ఏ కట్టలో ఉంటుందో నాకే తెలిసేది కాదు.

చేర్చుకునే ముందు పిల్లవాడికి పరీక్ష, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెడితే అది విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్‌కు విరుద్ధం. మొదటిసారికి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

సమస్య: "మీరే టీసీ తీసుకుంటే గౌరవంగా ఉంటుంది"

చేర్చుకున్నాక మొదలయ్యే తంతు ఇది. ముందు డైరీలో రిమార్కులు, తర్వాత రోజూ పన్నెండింటికి ఫోను, "వచ్చి తీసుకెళ్లండి" అని. ఆ తర్వాత ఒకరోజు తెల్లకాగితం ముందు పెడతారు. బడి మీ నుంచి ఇష్టంగా తీసుకునే కాగితం ఇదొక్కటే. "సొంత కారణాల వల్ల నా కుమారుడి టీసీ కోరుచున్నాను" అని మీ చేతే రాయిస్తారు. మా ఆఫీసుకు ఆ తల్లి ఏడుస్తూ వస్తే, హెడ్మాస్టరు ఆ ఉత్తరమే తీసి చూపించేవాడు. ఇక మేమేం మాట్లాడతాం?

కాబట్టి ఆ ఉత్తరం రాయకండి. ఎలిమెంటరీ చదువు పూర్తయ్యే దాకా, అంటే ఎనిమిదో తరగతి దాకా, ఏ పిల్లవాణ్నీ బడి నుంచి వెళ్లగొట్టకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్‌లో ఉంది. ఇప్పటికే రాసిచ్చి ఉంటే వెంటనే ఇంకో ఉత్తరం పెట్టండి: "ఫలానా తేదీన ఒత్తిడి వల్ల ఇచ్చిన అభ్యర్థనను ఉపసంహరించుకుంటున్నాను." టీసీ చేతికి రాకముందే అది బడికి చేరితే మీ మాటకు బలం ఉంటుంది. మధ్యాహ్నం వచ్చిన ఫోన్లన్నీ ఒక నోటుబుక్కులో తేదీ, టైము వేసి రాసుకోండి. వీలైతే "ఈరోజు మీరు రమ్మంటే 12:10కి తీసుకెళ్లాను" అని డైరీలోనే రాసి పంపండి.

"ఆయాను మీరే పెట్టుకోండి, లేకపోతే రానివ్వం" అనేది దీనికి చెల్లెలు. అలాంటి షరతు చట్టంలో ఎక్కడా లేదు. పిల్లవాడికి కావాల్సిన వ్యక్తిగత సాయం బడి బాధ్యతల్లోనే రాశారు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. దివ్యాంగుల చట్టం 16వ సెక్షన్ భాషలో ‘ప్రయత్నించాలి’ అనే మెత్తని పదం ఉంది, బడుల వకీళ్లు దాన్నే పట్టుకుంటారు. అందుకని ఆ ఒక్క సెక్షన్‌తో సరిపెట్టకుండా, వివక్షను నిషేధించే 3వ సెక్షన్‌ను కూడా అర్జీలో రాయండి.

సమస్య: "తెలివైనవాడే, బద్ధకం. దెబ్బలు పడితే దారిలోకి వస్తాడు"

నా మనవడి కథ ఇక్కడే మొదలైంది. మూడో తరగతి తెలుగు నోట్సు తెరిచి చూశాను. ‘అక్క’ రాయమంటే ‘అక’. ఒత్తులు ఎగిరిపోయేవి. ‘బ’కీ ‘భ’కీ తేడా లేదు, గుణింతంలో కొమ్ము ఒక రోజు ఉంటే ఇంకో రోజు ఉండదు. అదే పాఠం నేను చదివి వినిపిస్తే ప్రశ్నలన్నిటికీ గబగబా జవాబులు చెప్పేవాడు. నోటికి వచ్చింది చేతికి రావడం లేదు. టీచరమ్మ మాత్రం ప్రతి పేజీకీ ఎర్ర ఇంకుతో ‘నిర్లక్ష్యం’ అని రాసేది. ముప్పై ఏళ్లు విద్యాశాఖలో పనిచేసిన నాకూ అది డిస్లెక్సియా కావచ్చని తోచలేదు. నేనూ కసిరాను.

బయటికి ఏ వైకల్యమూ కనబడకపోవడమే దీనికి కారణం. అందుకే ఇలాంటి పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించాల్సిన పనిని కూడా చట్టం బడి మీదే పెట్టింది. ముందు మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వెళ్లండి. సమగ్ర శిక్ష కింద పనిచేసే ఐఈఆర్‌పీలు (ఇలాంటి పిల్లలకు నేర్పడంలో తర్ఫీదు పొందినవాళ్లు) అక్కడ ఉంటారు, పైసా తీసుకోరు. ప్రైవేటు బడి పిల్లలకు కాదని ఎవరైనా అంటే పట్టించుకోకుండా సలహా అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న మేధో వైకల్యాల కేంద్ర సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో కూడా పరీక్షలు చేస్తారు.

వైకల్య ధ్రువపత్రానికి సదరం (వైకల్యాన్ని పరీక్షించి శాతం తేల్చే ప్రభుత్వ శిబిరం) బాట పట్టాలి. 2021 జూన్ నుంచి దేశమంతటా ధ్రువపత్రాలు యూడీఐడీ (దివ్యాంగుల విశిష్ట గుర్తింపు కార్డు) పోర్టల్ ద్వారానే ఇవ్వాలి. ఇక్కడ జనం తడబడే చోటు ఒకటుంది. 2018 మార్గదర్శకాల ప్రకారం అభ్యసన వైకల్యానికి ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇచ్చేవారు. మళ్లీ 14 ఏళ్లకు, 18 ఏళ్లకు పరీక్ష చేయించుకోవాల్సి వచ్చేది. 18లో ఇచ్చింది జీవితాంతం చెల్లేది. 2024లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి ఇప్పటి నిబంధన అక్కడే అడిగి తెలుసుకోండి. పదో తరగతికి వచ్చేసరికి పిల్లవాడు పద్నాలుగు దాటేస్తాడు కదా, ఎనిమిదేళ్లప్పటి కాగితం పట్టుకుని వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లను చూశాను.

దెబ్బల విషయం రెండు ముక్కల్లో. కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అందరి ముందూ వైకల్యాన్ని ఎత్తిచూపి కావాలని అవమానిస్తే దివ్యాంగుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. దెబ్బ కనబడితే ఫొటో, ఆసుపత్రి చీటీ ఆ రోజే తీసుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి.

సమస్య: సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం లేదు

"నలభై లేదు కాబట్టి మీకేమీ రాదు" అని కౌంటర్లలో తేలిగ్గా చెప్పేస్తారు. సగమే నిజం. పింఛను, రిజర్వేషన్, 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య లాంటివాటికి 40 శాతం కావాలి. బడిలో సర్దుబాట్లు అడగడానికి అక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. ఆయనకు రాసేటప్పుడు చేతివేళ్లు బిగుసుకుపోయే జబ్బు. 40 శాతం వైకల్యం లేదని యూపీఎస్సీ స్క్రైబ్‌ను (చెప్పింది రాసిపెట్టే సహాయకుణ్ని) ఇవ్వలేదు. ఆ షరతు చట్టంలో లేదని కోర్టు చెప్పింది. దాని ఫలితంగా 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతం కన్నా తక్కువ ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. రాయలేకపోతున్నాడని ప్రభుత్వ వైద్యాధికారుల ధ్రువపత్రం తాజా మార్గదర్శకాల్లోని నమూనాలోనే తీసుకోవాలి. ప్రైవేటు డాక్టరు చీటీ చెల్లదు.

సమస్య: పరీక్ష రోజు "ఆర్డర్ లేదు, అదనపు టైము ఇవ్వం"

దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపేటప్పుడు బడిలో ఆ కాలమ్ ఖాళీగా వదిలేశారు. మార్చిలో ఎంత కొట్టుకున్నా లాభం లేదు. దసరా సెలవులకు ముందే హెడ్మాస్టరుకు అర్జీ, సర్టిఫికెట్ నకలు ఇచ్చి, రోల్స్‌లో వైకల్యం నమోదైందో లేదో మీ కళ్లతో చూసుకోండి. హాల్ టికెట్ వచ్చాక మరోసారి చూడండి.

ఏమేం అడగవచ్చు: గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం, అంటే మూడు గంటల పేపరుకు ఒక గంట. స్క్రైబ్. రెండో, మూడో భాష నుంచి మినహాయింపు. ఈ మూడూ దివ్యాంగుల చట్టం 17వ సెక్షన్‌లో పేరుపెట్టి రాసినవే. ఎన్ని మార్కులకు పాస్, ఏ భాష మినహాయింపు అనేది బోర్డును బట్టి మారుతుంది కాబట్టి మీ బోర్డు తాజా ఉత్తర్వు అడిగి తీసుకోండి. స్క్రైబ్ కింది తరగతి చదివేవాడై ఉండాలి, సాధారణంగా పదో తరగతికి తొమ్మిదో తరగతి పిల్లవాడు. ఆ పిల్లవాడితో నెల ముందు నుంచే వారానికి రెండుసార్లు రాయించండి. మా మనవడు లెక్కల్లో ‘బ్రాకెట్’ అని చెబితే స్క్రైబ్ కుర్రాడు మూడు రకాల బ్రాకెట్లలో ఏదో తెలియక ఆగిపోయేవాడు. ఇంట్లో రాయించి చూడకపోతే ఆ సంగతి పరీక్ష హాల్లో బయటపడేది.

అనుమతి ఉత్తర్వు మూడు నకళ్లు పెట్టుకోండి, పరీక్ష కేంద్రం చూసుకునే చీఫ్ సూపరింటెండెంట్‌కు ముందు రోజే ఒకటి ఇవ్వండి. 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా (చేత్తో రాయడంలో ఇబ్బంది) ఉన్న ఒక అమ్మాయి దగ్గర అదనపు గంట ఇవ్వకుండా పేపరు లాగేసుకున్నారు. సుప్రీంకోర్టు అది అన్యాయమే అంది, సరిదిద్దే మార్గం చూడమని పరీక్ష ఏజెన్సీకి చెప్పింది. కానీ మళ్లీ పరీక్ష పెట్టమనలేదు. గడిచిపోయిన గంటను ఏ కోర్టూ తిరిగి తేలేదు.

సమస్య: వలస వచ్చాం, కాగితాలేవీ లేవు

ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లల్ని, ఇల్లు మారిన వాళ్ల పిల్లల్ని పుట్టిన తేదీ పత్రం లేదని, పాత టీసీ రాలేదని తిప్పిపంపుతుంటారు. రెండూ తప్పే. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్, టీసీ ఆలస్యమైందని ఆపకూడదని 5వ సెక్షన్ చెబుతున్నాయి. పిల్లవాణ్ని వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలి. గోండి, కోయ, లంబాడా పిల్లల్ని భాష రాదని ‘మందమతి’ కింద జమకట్టి భవితకు పంపిన కేసులూ చూశాను. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాషలోనే పరీక్ష జరిగిందా అని అడగండి.

సమస్య: అర్జీ ఇచ్చాం, ఉలుకూ పలుకూ లేదు

వరస తప్పకుండా ఎక్కండి: హెడ్మాస్టరు, ఎంఈఓ, డీఈఓ (జిల్లా విద్యాధికారి). ప్రతి మెట్టు దగ్గరా కింది మెట్టు ఇన్‌వార్డ్ నంబరు రాయండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఇచ్చిన ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలి, కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు. వైకల్యం సంగతైతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గరికి వెళ్లండి. ఆయనకు సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన సిఫారసు చేస్తే ఏం చేశారో మూడు నెలల్లో చెప్పాలి. చట్టం మీరినవాళ్లకు మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

నెల దాటినా కదలిక లేకపోతే పది రూపాయల ఫీజుతో డీఈఓ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సెక్షన్లేమీ వద్దు. ఒకే ప్రశ్న అడగండి: "ఫలానా ఇన్‌వార్డ్ నంబరు గల నా అర్జీ ఏ తేదీన ఏ అధికారి బల్ల మీదికి వెళ్లింది, ఆయన ఏం రాశారు? ఆ నోట్ ఫైలు నకలు ఇవ్వగలరు." ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మా ఆఫీసులో ఇలాంటి దరఖాస్తు వచ్చిన పూటే పాత కట్టలన్నీ కిందికి దించేవాళ్లం.