వానాకాలంలో ఫ్లయింగ్ షురూ చేసే పిల్లలకు: రేడియో జాగ్రత్తలు

మామునూరు ఎయిర్‌పోర్టు మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చాక వరంగల్, కరీంనగర్ వైపు పైలట్ కోర్సు మాట ఎక్కువగా వినబడుతోంది. ఫీజు ఎంత, మెడికల్‌లో ఏం చూస్తారు అని అందరూ అడుగుతారు. రేడియో సంగతి అడిగేవాళ్లు తక్కువ. తెలుగు మీడియంలో చదివిన పిల్లలైతే ఇంగ్లిష్ రాదని లోలోపల భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. రేడియోలో రోజూ వాడే మాటలు కొన్నే, వల్లె వేస్తే వచ్చేస్తాయి.

నన్ను భయపెట్టేది మన ఇంకో అలవాటు. పెద్దవాళ్లు ఏదైనా చెబితే అర్థం కాకపోయినా "ఆఁ, సరే సార్" అని తలూపేస్తాం. మళ్లీ అడిగితే ఏమనుకుంటారోనని సంకోచం. కాక్‌పిట్‌లో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర దిగబోతున్న ఫ్లయింగ్ టైగర్ కార్గో బోయింగ్ 747కు కంట్రోలర్ (నేల మీద నుంచి రేడియోలో విమానాలకు దారి చెప్పే అధికారి) "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో" అన్నాడు. 2,400 అడుగులకు దిగమని ఆయన ఉద్దేశం. కాక్‌పిట్‌లో ఆ మొదటి "టూ"ను రెండు అనే అంకెగా తీసుకోలేదు, 400కు దిగమన్నట్టు ("to" 400) విన్నారు. "ఓకే, ఫోర్ జీరో జీరో" అని జవాబిచ్చారు. తప్పు అక్కడే బయటపడింది, కానీ ఎవరూ పట్టుకోలేదు. విమానం కొండను గుద్దుకుంది, అందులోని నలుగురూ చనిపోయారు. అందుకే ఎత్తు చెప్పేటప్పుడు "టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్ ఫీట్" అని పూర్తిగా పలకాలి.

మీ చెవిన ఏం పడిందో కంట్రోలర్‌కు తెలిసేది రీడ్‌బ్యాక్‌తోనే. రన్‌వే, ఎత్తు, హెడింగ్ (విమానం ముక్కు తిరిగిన దిక్కు), స్పీడు, ఫ్రీక్వెన్సీ, స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మీ విమానాన్ని గుర్తుపట్టే నాలుగంకెల సంఖ్య), ప్రెషర్ సెట్టింగ్ (ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టే గాలి ఒత్తిడి), వీటిని విన్నవి విన్నట్టు తిరిగి చెప్పాలి. టవర్ "హోల్డ్ షార్ట్ ఆఫ్ రన్‌వే జీరో నైనర్" (రన్‌వే 09 ముందే ఆగండి) అంటే "రోజర్" (విన్నాను) సరిపోదు. "హోల్డింగ్ షార్ట్ ఆఫ్ రన్‌వే జీరో నైనర్" అని, చివర మీ కాల్‌సైన్ (రేడియోలో మీ విమానాన్ని పిలిచే పేరు) చెప్పండి. మోకాలి మీది ప్యాడ్‌లో ముందు రాసుకుని, తర్వాత మైక్ బటన్ నొక్కండి.

వానాకాలంలో ప్రెషర్ మీద రెండింతల శ్రద్ధ కావాలి. మన దగ్గర అప్పుడు గాలి ఒత్తిడి బాగా తగ్గుతుంది. ప్రెషర్ 1003 హెక్టోపాస్కల్స్ అని చెబితే 1013 అని విని సెట్ చేశారనుకోండి, ఆల్టిమీటర్ చూపించే ఎత్తు కన్నా మీరు దాదాపు 300 అడుగులు కిందున్నట్టే. మబ్బుల్లో ఆ 300 అడుగులు కంటికి కనబడవు.

వినబడలేదా, "సే అగైన్". వేగంగా మాట్లాడుతున్నారా, "స్పీక్ స్లోవర్". నామోషీ పడొద్దు. కంట్రోలర్‌కు కావాల్సిందీ అదే. పక్క విమానం కాల్‌సైన్ మీదానిలాగే ఉంటే ఇంకా జాగ్రత్త, ఆ క్లియరెన్స్ (కంట్రోలర్ ఇచ్చిన అనుమతి) ఎవరికో అడిగి ఖాయం చేసుకున్నాకే కదలండి.

బటన్ నొక్కేముందు ఒక్క క్షణం వినండి. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే మిగతావాళ్లకు కీచుమనే చప్పుడే మిగులుతుంది. 1977 మార్చి 27న టెనరీఫ్‌లో పొగమంచులో రెండు 747లు ఢీకొని 583 మంది పోయారు. రన్‌వే మీద ఇంకో విమానం ఉందని తెలిపే మాటలు అలా ఒకదాని మీద ఒకటి పడి, బయల్దేరుతున్న విమానానికి సరిగా అందలేదు. ఆ తర్వాతే "టేకాఫ్" అనే మాటను క్లియరెన్స్ ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలన్న నియమం గట్టిపడింది. మిగతా వేళల్లో "డిపార్చర్" అనండి.

ఇబ్బందుల్లో ఉంటే మొహమాటం వద్దు. 1990 జనవరిలో న్యూయార్క్ దగ్గర అవియాంకా విమానం ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది చనిపోయారు. ఇంధనం తక్కువుందని చెప్పారు గానీ ఎమర్జెన్సీ అని ప్రకటించలేదు. ప్రాణాపాయమైతే "మేడే" మూడుసార్లు, అంతకు తక్కువైతే "పాన్ పాన్" మూడుసార్లు.

రేడియో మూగబోతే ముందు వాల్యూమ్, హెడ్‌సెట్ జాక్, ఫ్రీక్వెన్సీ చూడండి. మైక్ బటన్ ఇరుక్కుపోయిందేమో కూడా చూడండి. అది ఇరుక్కుంటే అందరి మాటలకూ అడ్డం. బాగుపడకపోతే 7600 (రేడియో పనిచేయడం లేదని తెలిపే కోడ్) స్క్వాక్ చేసి టవర్ వైపు చూస్తూ ఉండండి. నిలకడగా పచ్చ లైటు వస్తే దిగొచ్చు. నిలకడగా ఎర్ర లైటు వస్తే ఇతర విమానాలకు దారిచ్చి చక్కర్లు కొట్టాలి. ఎరుపు మినుకుమినుకుమంటే అక్కడ దిగకూడదు. ఈ లైట్లు పగటి ఎండలో ఎంత చిన్నగా కనబడతాయో సోలోకు (ఒంటరిగా ఎగరడానికి) ముందే ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి ఒకసారి చూడండి.