కందంలో భక్తి పద్యం రాయడం ఎలా?

దేవుడి మీద తొలి పద్యం రాయాలనుకుంటే కందం అనే చిన్న ఛందస్సు పట్టుకోండి, ఉత్పలమాల లాంటి పెద్దదాని జోలికి పోకండి. పాదానికి 20 అక్షరాలు నింపలేక "సుమా", "కదా", "ఔర" అని కూరుతారు. పద్యంలో చివరికి అవే మిగులుతాయి. "కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అని ఊరికే అనలేదు.

సరంజామా అంటే కాగితం, పెన్సిల్, అంతే. గణాలు (పాదంలోని అక్షరాల చిన్న గుంపులు) చూసిపెట్టే యాప్‌లు వద్దు, వేళ్ల మీద లెక్కపెట్టండి.

ముందు మకుటం, అంటే పద్యం చివర దేవుణ్ణి పిలిచే మాట. పొట్టిగా పలికే అక్షరం లఘువు, ఒక మాత్ర; పొడుగ్గా పలికేది గురువు, రెండు మాత్రలు. కందంలో చివరి గణం గగ (రెండు గురువులు) గానీ స (రెండు లఘువులు, ఒక గురువు) గానీ కావాలి. "రామా", "వరదా" కుదురుతాయి. "శంకరా" అయిదు మాత్రలు, ఇమడదు. తర్వాత ప్రాస: నాలుగు పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు, మొదటిది అన్నిటా లఘువో అన్నిటా గురువో. ల, న, ర లాంటి ప్రాసే పెట్టుకోండి.

1, 3 పాదాలకు మూడేసి గణాలు, 2, 4 పాదాలకు అయిదేసి. అన్నీ నాలుగు మాత్రలవే: గగ, భ (గురువు, రెండు లఘువులు), జ (లఘువు, గురువు, లఘువు), స, నల (నాలుగు లఘువులు).

ఇక అందరూ బోల్తా పడే చోటు. మొదటి రెండు పాదాలూ కలిపి ఎనిమిది గణాలుగా లెక్కపెట్టండి. బేసి గణాల్లో జ రాకూడదు. ఆరోది జ గానీ నల గానీ అయితీరాలి. ఇది చూడండి:

కలవని నమ్మితి నిన్నే
తలచితి పగలున్ రేయున్ దయజూపవయా

వినడానికి బాగుంది. మాత్రలన్నీ సరిపోయాయి కాబట్టే చెవి మోసపోతుంది. కానీ ఆరో గణం "రేయున్", అంటే గగ. ఇది కందం కాదు. ఇలాంటివి నా దగ్గరికి ఎన్ని వచ్చాయో! చెబితే వెంటనే ఏదో ఊతపదం అతికించి తెస్తారు. అలా కాదు, ఉన్న మాటలనే అటూ ఇటూ మార్చండి:

తలచితి రేయింబగలును దయజూపవయా

ఇప్పుడు "రేయిం" అయిదోది, "బగలును" ఆరోది, నల. అర్థం చెక్కుచెదరలేదు.

యతి అంటే పాదం మొదటి అక్షరంతో జత కలవాల్సిన అక్షరం. అది రెండో పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం. త-ద మైత్రి చెల్లుతుంది, అచ్చు కూడా కలవాలి. "దయ" బదులు "దీవెన" అంటే యతి తప్పినట్టే.

మూడు, నాలుగు పాదాలకూ ఇదే లెక్క. కాకపోతే నాలుగో పాదంలో యతి పడ్డ మరుగణమే మకుటం, కాబట్టి వాక్యాన్ని యతి గణంలోనే ముగించండి.